పట్టా భూములలో చెట్ల వనములు: పెంపకము, పోషణము, అమ్మకము

(అనకాపల్లి ప్రాంతమున మెట్టభూములు గల రైతుల యుపయోగార్థము)

అడవి యనినతోడనే సర్కారు రిజర్వు, దానికొక గార్డు, రేంజరు, గొడ్డలి పట్టినవానిపై కేసు అను తలంపు రైతునకు కలుగును. తన పట్టాలోని చెట్ల గుంపు కూడ వనమే యనియు, దుక్కి, కలుపు, కోత యను పంటక్రమము వంటి క్రమ మొకటి దానికిని కలదనియు తలంచువారు తక్కువ. ఈ ప్రాంతమున శారదా, వరాహ నదుల క్రింది పల్లము చెరకునకును వరికిని పోగా, మెట్ట, గుట్టవాలు, ఇసుకదిబ్బ, గెడ్డ యొడ్డు అనునట్టి భూములు చాలమందికి మిగిలియున్నవి. చెరకు కొరకు 1913లోనే అనకాపల్లిలో పరిశోధన స్థానము వెలసినది. ఏ చెరకు ఏ నేలకు తగునో, గానుగ కెప్పుడు నరుకవలెనో, పాకమెట్లు దింపవలెనో రైతునకు తాతల నాటి నుండి తెలియును. చెట్ల విషయమున మాత్రము నాటుట యొకరిని చూచి యొకరు, నరుకుట దళారి వచ్చిన దినమున. ఇందువలన రైతు పోగొట్టుకొనుచున్న సొమ్ము స్వల్పము కాదు.

పూర్వము ఈ జిల్లాలలో సొంత యడవు లనగా జమీందారుల యడవులే. 1948లో ఎస్టేట్ల రద్దు శాసనము వచ్చినది. ఎస్టేట్లలోని యడవులను విచక్షణ లేక నరుకుట నరికట్టుటకై 1949లో మదరాసు ప్రభుత్వము ప్రైవేటు అడవుల సంరక్షణ శాసనము కూడ చేసినది. శాసనము నరకుట నాపగలదు గాని, నాటింపజాలదు. నాటుట రైతు చేతిలోనిది. 1988 నాటి జాతీయ అటవీ విధానము కలప పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరకును సహజమైన యడవుల నుండి గాక, రైతులతో నేరుగా సంబంధము పెట్టుకొని వారి భూముల నుండి సంపాదించుకొనవలెనని నిర్దేశించినది. అప్పటి నుండి రాజమహేంద్రవరము, రాయగడ ప్రాంతపు కాగితపు మిల్లులకు సరుగుడు, జామాయిలు కలప విశేషముగ పట్టా భూముల నుండియే పోవుచున్నది. కొనువాడు ఉన్నాడు. సరకును కాచి, తగిన వేళకు, తగిన తూనికతో అమ్ముట యెట్లో తెలియవలసియున్నది.

ఏ నేలకు ఏ చెట్టు

రాంబిల్లి, అచ్యుతాపురము, ఎస్. రాయవరము, నక్కపల్లి, పాయకరావుపేట మండలముల తీరపు టిసుక నేలలకు సరుగుడును మించినది లేదు. దాని వేళ్లకు చిన్న చిన్న బుడిపెలుండును. ఆ బుడిపెలలో ఫ్రాంకియా యను సూక్ష్మజీవి నివసించి గాలిలోని నత్రజనిని చెట్టునకు అందించును. కనుకనే ఎరువెరుగని యిసుకలో సైతము ఈ చెట్టు ఎదుగుచున్నది. అయితే ఆ సూక్ష్మజీవి క్రొత్త నేలలో లేకపోవచ్చును. సరుగుడు ఎన్నడును వేయని చేనిలో మొదటిసారి నాటువారు పాత సరుగుడు తోటలోని వేళ్లచుట్టు మన్ను గంపెడు తెచ్చి నారుమడిలో కలిపినచో మొక్క త్వరగా పుంజుకొనును. ఆ మన్ను తెగులు లేని తోట నుండియే తేవలెను.

మాడుగుల, రావికమతము, రోలుగుంట, గొలుగొండ వైపు కొండపాదపు టెఱ్ఱ నేలలకు జీడిమామిడి, వెదురు, అంకుడు తగును. టేకు విషయమున జాగ్రత్త అవసరము. గెడ్డ యొడ్డున లోతుగా నుండి నీరు నిలువని ఒండ్రు నేలలో తప్ప టేకు బాగుగ చేవదేరదు. గరప నేలలో నాటిన టేకు ఇరువది యేండ్లకును దూలము కాదు. 1990 దశకములో టేకు మొక్కపై కొద్ది సొమ్ము పెట్టినవారికి లక్షలు వచ్చునని పత్రికలలో ప్రకటనలు ప్రచురించి జనుల వద్ద ధనము వసూలు చేసిన సంస్థలు దేశమున అనేకము బయలుదేరెను. అట్టివానిని అదుపు చేయుటకే సెబీ 1999లో ప్రత్యేక నిబంధనలు చేసినది. చెట్టు పెరుగుదల నేలను బట్టి యుండును గాని ప్రకటనను బట్టి యుండదు.

జామాయిలు ఏ నేలలోనైనను మొలచును. మోడు నుండి మరల చిగిర్చి రెండవ, మూడవ కోత కూడ నిచ్చును. కాని దానిని బావి చెంతను, చెరువు గట్టునను, పొరుగువాని చెరకు సరిహద్దునను నాటరాదు. దాని వేళ్లు ప్రక్క పంట నీటిని లాగుకొనును. ఒకే గట్టుకు రెండు కుటుంబములు తరతరములు పగబూనిన తగవులకు ఇట్టి చెట్లే కారణములైనవి. సరిహద్దు నుండి కనీసము అయిదారు గజముల యెడమిచ్చి నాటుట ఉభయులకును క్షేమము.

సరుగుడు తోట పోషణము

సరుగుడును రైతులు చాల దగ్గరగా నాటుదురు. మీటరుకొక మొక్క చొప్పున నాటిన ఎకరమునకు సుమారు 4,000 మొక్కలు పట్టును. మీటరున్నర చొప్పున నాటిన సుమారు 1,800 పట్టును. మొక్కలు హెచ్చయిన కలప హెచ్చునను తలంపు పొరపాటు. మిక్కిలి యొత్తుగా నున్న తోటలో చెట్లు వెలుతురు కొరకు పోటీపడి సన్నముగ, పొడవుగ పెరుగును. పందిరి గుంజలకు, పరంజా కఱ్ఱలకు అవి చాలును గాని కాగితపు మిల్లు తూనికకు లావు కావలెను. పైగా సన్నని చెట్టు గాలికి విరుగును. గుంజల గిరాకీ యున్న చోట దగ్గరగా నాటి, రెండవ యేట వరుస విడిచి వరుస గుంజలుగా తీసి అమ్మి, మిగిలినవానిని లావుకు విడుచుట మధ్యేమార్గము.

అన్నిటికంటె ముఖ్యమైనది తోటలో రాలిన యాకు. సరుగుడు క్రింద సూదులవంటి ఆకు జానెడు మందమున పరచుకొనును. దానిని పొయ్యిలోనికై ఊడ్చి తట్టలతో మోసికొనిపోవుట పలుచోట్ల కానవచ్చును. పేదవారి పొయ్యి వెలుగుచున్నదని యజమానుడు ఊరకుండును. ఒక్కొక్కచో తానే వెలకిచ్చును. కాని ఆ యాకు చెట్టు భూమి నుండి తీసికొన్న సారము. అది అక్కడనే మురిగిన యెడల మరల భూమికి చేరును. ఇసుక తేమను నిలుపునదియు అదియే. ఏటేట ఊడ్చిన తోట మూడవ పర్యాయము నాటునప్పటికి మొదటి కోతలో సగము తూగకపోయిన, మొక్క జాతిని నిందించి ప్రయోజనము లేదు. పొయ్యికి ఎండుకొమ్మలు ఏరుకొననిచ్చి, ఆకును మాత్రము తాకనీయకుండుట ఉచితము. నిప్పుభయము గలచోట సరిహద్దు వెంబడి రెండు గజముల వెడల్పున ఆకు తీసి లోపలికి ఎగజల్లవలెను.

తెగుళ్లలో బొబ్బతెగులు ప్రమాదకరమైనది. చెట్టు పైనుండి వాడుచు, బెరడుపై బొబ్బలు లేచి పగులును. పగిలినచోట మసివంటి నల్లని పొడి వ్రేలికంటును. ఆ పొడియే తెగులు విత్తనము. అట్టి చెట్టును వేరుతో పెకలించి అక్కడికక్కడ కాల్చివేయవలెను. ప్రక్క తోట మీదుగా ఈడ్చుకొనిపోరాదు. తెగులు సోకిన తావు చుట్టును మూరెడు వెడల్పున కందకము త్రవ్వుట మంచిది. బెరడు తినెడి పురుగు వేరు. అది మానుపై రంపపుపొట్టు, గూడు కలిసిన దారులల్లి లోపల రంధ్రమున దాగును. గూటిని తుడిచి, రంధ్రమున తీగ దూర్చి పురుగును చంపి, కొద్దిగ కిరసనాయిలు పోసి బంకమట్టితో మూసిన చాలును.

అంకుడు: విడిచిపెట్టబడిన చెట్టు

వరాహ నది యొడ్డునున్న ఏటికొప్పాకలో తరిమెనపై పట్టి లక్క రంగులద్దిన కొయ్యబొమ్మలు దేశదేశములకు పోవుచున్నవి. 2017లో వానికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించెను. ఆ బొమ్మల కొయ్య అంకుడు. తెల్లగా, మెత్తగా, నార బయటపడక, ఉలికి వెన్నవలె లొంగును. చుట్టుప్రక్కల కొండలలో ఈ చెట్టు క్షీణించి కొయ్య దొరకుట దుర్లభమగుచున్నదని పనివారు చాలకాలముగ మొరపెట్టుచున్నారు. విచిత్రమేమనగా, వారికి కూతవేటు దూరముననే రైతుల గుట్టవాలు భూములు బీడుగ నున్నవి. అంకుడు అట్టి రాతినేలలోనే పుట్టిన చెట్టు. నీరు కోరదు, ఎరువు కోరదు.

దాని కాయలు జంటలు జంటలుగా సన్నగ పొడవుగ వ్రేలాడును. ఎండి పగిలినచో లోపలి గింజలు పట్టువంటి దూదితో గాలికెగిరిపోవును. కావున పగులకముందే కోసి, గుడ్డలో మూటగట్టి నీడనారబెట్టి గింజ తీయవలెను. గింజను ఎక్కువ కాలము నిలువ చేయక ఆ వేసవి చివరనే సంచులలో విత్తి, మరుసటి యేటి తొలకరికి మూరెడు మొక్కను నాటవచ్చును. మొదటి రెండేండ్లు కలుపు తీసి, పశువులు త్రొక్కకుండ కంచె వేయుట తప్ప వేరు పని లేదు.

ఈ చెట్టునకు గల గొప్ప గుణము మొదలు నరికిన మరల చిగుర్చుట. వేళ్ల నుండి సైతము పిలకలు వచ్చును. కొండలలో అది నశించుటకు కారణము నరకుటయే కాదు, నరికిన తీరు. ఇష్టము వచ్చిన యెత్తున మొద్దుగొడ్డలితో చీల్చి నరికి, చిగిర్చిన పిలకలు వ్రేలి లావు కాకముందే మరల నరికిన యెడల ఏ మొదలైనను ఎన్నాళ్లు సహించును? పట్టా భూమిలో ఈ దుస్థితి రానీయ నక్కరలేదు. వాడిగల గొడ్డలితో గాని రంపముతో గాని నేలకు 4 నుండి 6 అంగుళముల యెత్తున, వాన నీరు నిలువకుండ ఏటవాలుగా, బెరడు చీలకుండ కోయవలెను. చిగుళ్లు గుంపుగా వచ్చినపుడు బలమైన రెండు, మూడింటిని నిలిపి తక్కినవి తీసివేయవలెను. పిలకలు తరిమెనకు చాలునంత లావు తేరువరకు ఆ మొదలును ముట్టరాదు. జామాయిలుకును ఇదే పద్ధతి. సరుగుడు మాత్రము ఇట్లు చిగుర్చునని నమ్మరాదు. మామూలుగా తీరమున వేయు జాతి నరికిన పిదప మోడు ఎండిపోవును.

అంకుడు వేసిన రైతు ధనవంతుడగునని చెప్పుట లేదు. పనివారి యవసరమునకు మేర కలదు. పది గ్రామముల వారందరును ఒక్కసారి వేసిన కొనువారుండరు. గుట్టవాలున అర ఎకరము, గట్టు వెంబడి ఇరువది ముప్పది మొదళ్లు, అదియు ముందుగ పనివారితో మాటలాడుకొని వేయుట తగును.

కూపులు

అటవీ శాఖవారు అడవిని భాగములు చేసి యేటి కొక భాగమును నరుకుదురు. ఆ భాగమునకు కూపు అని పేరు. నాలుగెకరముల రైతునకు ఈ పద్ధతి యెందులకని కొందరందురు. లెక్క చూడవలెను. నాలుగెకరముల సరుగుడు ఒక్కసారి నాటినవాడు నాలుగేండ్లు కన్నులు కాయగాచి, నాలుగవ యేట ఏ ధర నడచుచుండిన ఆ ధరకే అమ్మవలెను. ఆ యేట ధర పడిన నాలుగేండ్ల కష్టమును పడినట్లే. పెండ్లి యో, వైద్యమో వచ్చెనా, మూడవ యేటనే పచ్చి తోటను దళారి చేతిలో పెట్టును. దానికి బదులు ఏటి కొక యెకరము చొప్పున నాలుగేండ్లు నాటినచో, అయిదవ యేటి నుండి ఏటేట ఒక యెకరము కోతకు వచ్చును. ధర తగ్గిన సంవత్సరము ఆ కూపును మరొక యేడాది నిలుపవచ్చును. చెట్టు చెరకువలె ఎండి పాడగునది కాదు, నిలిచినకొలది తూనిక హెచ్చును. ఆరంభమున మూడేండ్లు ఖాళీ కూపులలో ఉలవలు, వేరుసెనగ పండించుకొన వీలగును.

గాలివాన దృష్ట్యా కూడ ఇదియే మేలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము చెంత తీరము దాటినపుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వడిని వీచెను. జీడిమామిడి తోటలు వేళ్లతో కూలెను, సరుగుడు మధ్యకు విరిగెను. అట్టి గాలిని ఏ తోటయు సంపూర్ణముగ తట్టుకొనజాలదు. అయినను వయస్సు వేరువేరుగా గల కూపులున్నచోట లేత మొక్క వంగి మరల లేచుటకు వీలుండును. రైతునకు అన్నియు ఒకే రాత్రి పోవు. సముద్రము వైపు అంచున రెండు మూడు వరుసలను ఎన్నటికిని నరకక విడుచుట లోపలి తోటకే గాక, దాని వెనుకనున్న చేలకును చాటగును. కూలిన కలప నంతయు ఒక్క వారములో అమ్మజూపిన ధర యెట్లుండునో చెప్పనక్కరలేదు. కావున విరిగినవానిని మాత్రము ముందు తీసి, వంగి బ్రతికియున్నవానిని కొంతకాలము నిలుపవలెను.

నిప్పు గూర్చి వేరుగా వ్రాయుటకు ఎక్కువ లేదు. మాఘము నుండి వానలు పడువరకు కూపునకు కూపునకు నడుమ రెండు మూడు గజముల బాట ఆకు, గడ్డి లేకుండ నుంచవలెను. చెరకు ఆకు కాల్చు దినమున ప్రక్క వనము గల రైతునకు ముందుగ కబురంపుట ధర్మము. అడుగున పడిన చుట్టపీక తోటను కాల్చిన సంగతి ఎఱుగని యూరు లేదు.

అమ్మకము

దళారి తోటలో అటునిటు నడచి, "గుండుగుత్తగా ఇంత" అని చెప్పి, బయానా చేతిలో పెట్టును. తన తోట ఎన్ని టన్నులు తూగునో రైతునకు తెలియదు. దళారికి తెలియును. బేరమంతయు ఈ వ్యత్యాసము మీదనే నడచును. దీనికి విరుగుడు సులభము. తోటలో నిలిచియున్న చెట్లను ముందు లెక్కింపవలెను. నాటిన లెక్క పనికిరాదు. పిమ్మట లావువి మూడు, నడితరమువి నాలుగు, సన్ననివి మూడు, మొత్తము పది చెట్లను నరికి, కొమ్మలు కొట్టి తూచవలెను. పది చెట్లు 200 కిలోలు తూగినవనుకొన్న, చెట్టుకు 20 కిలోలు. ఎకరమున 1,600 చెట్లు నిలిచియున్న 32,000 కిలోలు, అనగా 32 టన్నులు. ఆ తూనికను ఆనాటి టన్ను ధరతో హెచ్చించి, నరకుకూలి, బండిబాడుగ తీసివేయగా మిగిలినది తోట విలువ. తోట అంతటను ఒకే తీరున లేనియెడల, వేరువేరు చోట్ల 10 మీటర్ల చదరములు మూడు కొలిచి, వానిలోని చెట్లన్నిటిని తూచి సగటు చూడవలెను. అట్టి చదరము ఎకరమున ఇంచుమించు నలువదవ వంతు గాన, సగటును 40చే హెచ్చించిన ఎకరపు తూనిక వచ్చును.

తూనికకు అమ్మువారు నరికిన కలపను తోటలో పడవేయరాదు. పచ్చికలపలో నీరు చాలభాగముండును. దినదినము అది ఆరిపోయి తూనిక తగ్గును. లారీ నాలుగు దినములు ఆలస్యమైన నష్టము రైతుదే. కావున నరకుటకును తూచుటకును నడుమ ఎన్ని దినములు, తూనిక ఏ కాటాపై, బెరడు తీసిన కలపకా తీయని కలపకా ధర, కొమ్మలెవరివి అను నాలుగు సంగతులను బయానా పుచ్చుకొనక పూర్వమే కాగితముపై వ్రాయించుకొనవలెను. నోటిమాట గుత్తలలో తగవు పుట్టిన పిమ్మట సాక్షులు సాధారణముగ కొనువాని వైపే యుందురు.

అనుమతులు, లెక్కలు

పట్టా భూమిలోని చెట్టైనను నరకుటకు నియమములు కలవు. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ జల, భూమి, వృక్ష శాసనము, జనులు వాల్టా యని పిలుచునది, చెట్లు నరకుటకు ముందు అధికారి యనుమతి కోరుచున్నది. కలపను బండిమీద కదలించుటకు 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమములు వేరుగ వర్తించును. పంటగా పెంచు కొన్ని జాతులకు సడలింపులు కలవు. వాని పట్టిక అప్పుడప్పుడు మారుచుండును గాన, నరకబోవు సంవత్సరపు పట్టికను రేంజి కచేరీలో చూచుకొనవలెను గాని, పొరుగువాడు మూడేండ్ల క్రిందట చెప్పిన మాటను నమ్మరాదు. టేకునకు సడలింపు ఉండునని తలంచి లారీ కట్టినవారు దారిలో చిక్కుపడుదురు. వెదురు విషయమున ఒక సంగతి తెలియదగినది. 2017లో కేంద్రప్రభుత్వము భారత అటవీ శాసనమును సవరించి, అడవి గాని భూములలోని వెదురును చెట్ల లెక్క నుండి తొలగించినది. అయితే ఆ శాసనము 1927 నాటిది. ఈ రాష్ట్రమున నడచునది 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ శాసనము. ఒక శాసనపు సవరణ మరొకదానికి తనంతట వర్తింపదు. పత్రికలో చదివిన వార్తను చేతబట్టుకొని వెదురు కదలింపక, వ్రాతమూలకమైన సమాధానము పొందుట మంచిది.

నాటిన సంవత్సరముననే సర్వే నంబరు వారీగా చెట్ల జాతి, సంఖ్య అడంగలులో ఎక్కునట్లు చూచుకొనవలెను. గుట్ట అంచునను, రిజర్వు సరిహద్దునను భూమి గలవారికి ఇది మరింత అవసరము. ఆ చెట్లు పట్టాలోనివో, రిజర్వులోనివో యను ప్రశ్న ఇరువది యేండ్లకు పుట్టినపుడు నాటిన చేయి యుండకపోవచ్చును, వ్రాసిన పుట యుండును. అట్టివారు నాటకముందే సర్వేయరుచే హద్దులు కొలిపించి రాళ్లు పాతించుకొనవలెను. సొంతముగ ఒక పుస్తకమున కూపు వారీగా నాటిన తేదీ, చచ్చి మరల నాటినవాని సంఖ్య, పలుచన చేసిన తేదీ, తీసిన గుంజలు, వచ్చిన సొమ్ము వ్రాసికొనుటకు గంట కాలము పట్టదు.

కోత అయిన సరుగుడు కూపులో వెంటనే మరల సరుగుడు వేయుటకు త్వరపడరాదు. మోళ్లను పెకలించి వంటచెఱకుగా అమ్మి, బొబ్బతెగులు కనబడిన తావులను గుర్తు పెట్టుకొని, ఒక వానకారు పెసర గాని ఉలవ గాని చల్లి పూతదశలో కలియదున్నవలెను. పిమ్మట వచ్చు తొలకరికి నారు సిద్ధముగ నుండవలెనన్న, గింజను ఆ సంవత్సరము సంక్రాంతి దాటిన వెంటనే మడిలో పోసికొనవలయును.